పిల్లలకి నిలకడ ఎలా వస్తుంది, ఇంట్లో మనం ఏం చెయ్యాలి

ఏడో నెల రాగానే మన ఇళ్ళల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: "గుంటడు ఇంకా నిలబడ్డం లేదేటి?" పర్లాకిమిడిలో ఇదే మాట, గుణుపురంలో ఇదే మాట, పాతపట్నం నుంచి వచ్చిన చుట్టాలైతే కాళ్ళు కడుక్కోకముందే అడిగేస్తారు. దాంతో తల్లికి టెన్షన్. ఆ టెన్షన్‌లో రెండు పనులు జరుగుతాయి: పిల్లాడి చేతులు పైకెత్తి పట్టుకుని పూటల తరబడి నిలబెట్టడం, లేకపోతే బజారుకెళ్ళి చక్రాల వాకర్ కొనెయ్యడం. రెండూ పిల్లాడికి సాయం చెయ్యవు. నేను ఈ ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో చిన్నపిల్లలకి ఫిజియోథెరపీ చేస్తుంటాను కాబట్టి రోజూ కళ్ళారా చూసేదే చెప్తున్నాను: పిల్లలు కొంచెం తూలి, ఆ తూలుని తామే సర్దుకున్నప్పుడు నిలకడ వస్తుంది, మనం గట్టిగా పట్టుకుని నిలబెట్టినంతసేపూ ఆ అవకాశం వాళ్ళకి దొరకదు. కాబట్టి మన పని, వాళ్ళు దెబ్బ తగలకుండా తూలగలిగే చోటు, దానికి కావాల్సినంత టైము ఇవ్వడం. అదెలాగో వయసు వరసలో రాస్తున్నాను, మీ పిల్లల వయసు దగ్గర కాస్త ఆగి చదవండి.

ముందు వయసు లెక్క సరిచూసుకోండి

పక్కింటి పిల్లతో పోల్చుకోవడం ఆపి ఈ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని నెలనెలా గమనించి 2006లో ఈ గడువులు ప్రకటించింది, అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు. ఏదైనా పట్టుకుని నిలబడడం 4.8 నుంచి 11.4. ఏ ఆసరా లేకుండా నిలబడడం 6.9 నుంచి 16.9. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6. నూటికి తొంభై ఎనిమిది మంది ఈ గడువుల్లోనే వచ్చేస్తారు. చూశారా, ఒంటరిగా నిలబడడానికి ఎంత పెద్ద గడువుందో, అందరికన్నా ముందు నిలబడ్డ పిల్లకీ అందరికన్నా ఆలస్యంగా నిలబడ్డ పిల్లకీ మధ్య దాదాపు పది నెలల తేడా, ఇద్దరూ మామూలు పిల్లలే. మీ పెద్దాడు పదో నెలలో నిలబడ్డాడని చిన్నది కూడా అప్పుడే నిలబడాలని ఎక్కడా లేదు.

దోగాడడం గురించి కూడా ఒక మాట. ఆ పరిశీలనలోనే కొందరు పిల్లలు, నూటికి నలుగురు పైచిలుకు, మోకాళ్ళ మీద దోగాడకుండానే నేరుగా నిలబడిపోయారు. కాబట్టి "దోగాడకుండా లేచిపోయింది, కాళ్ళు బలహీనమైపోతాయి" అని మామ్మలు అంటే కంగారు పడకండి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి లెక్క వేరు. ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్ని వారాలు వయసులోంచి తీసెయ్యాలి, రెండేళ్ళు వచ్చేదాకా ఇలాగే లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి క్యాలెండర్ ప్రకారం ఏడాది నిండినా, నిలకడ విషయంలో పది నెలల బిడ్డ కిందే లెక్క.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. తల్లీబిడ్డల కార్డు మీద ఈ మెట్లన్నీ బొమ్మలతో సహా ఉంటాయి గానీ, ఒడిశాలో ఆ కార్డు ఒడియాలో ఉంటుంది, తెలుగు మాత్రమే చదివే తల్లులు దాన్ని టీకాల తేదీల కోసం తప్ప తెరవరు. మమతా దివస్ (ఊళ్ళో తల్లీబిడ్డల్ని చూసి టీకాలు వేసే రోజు) నాడు వెళ్ళినప్పుడు అంగన్‌వాడీ దిదీనో ఆశా దిదీనో కూర్చోబెట్టి ఆ పేజీ చదివించుకోండి, తెలుగులో పక్కన పెన్నుతో రాసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు. ఆశా దిదీ 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికొచ్చి చూడాల్సిన పద్ధతి కూడా ఉంది, ఆ రోజు ఈ పేజీ తియ్యమనండి.

లోపల ఏం జరుగుతోందో కాస్త తెలుసుకోండి

ఇది తెలిస్తే మిగతాదంతా సులువు. కదలకుండా నిలబడ్డ మనిషి అంటూ ఎవరూ లేరు. మీరు ఇప్పుడు లేచి నిలబడి కళ్ళు మూసుకుంటే తెలుస్తుంది, చీలమండల దగ్గర ఒళ్ళు సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. అరచేతి మీద కర్రని నిలబెట్టే ఆట గుర్తుందా, చెయ్యి అటూ ఇటూ జరుపుతూ ఉంటేనే కర్ర నిలబడుతుంది, నిలబడ్డ మనిషి ఒంట్లో కండరాలు చేసేది ఆ చెయ్యి చేసే పనే.

ఎటు ఒరుగుతున్నామో మెదడుకి మూడు దారుల్లో కబురు వెళ్తుంది. కళ్ళు ఒకటి. లోచెవి రెండోది, తల ఎటు వంగింది, ఎంత వేగంగా తిరిగింది అని అది చెప్తుంది. అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు మూడోది. ఈ మూడింటినీ కలిపి సరిచూసే పని చిన్నమెదడుది. చంటిపిల్లలకి ఈ మూడు కబుర్లూ అందుతాయి గానీ ఏది నమ్మాలో తెలీదు, అందుకని కంటిని గుడ్డిగా నమ్మేస్తారు. 1974లో ఎడిన్‌బరోలో లీ, ఆరన్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేల కదలకుండా గోడలు మాత్రం ముందుకీ వెనక్కీ జరిగే గది కట్టి, కొత్తగా నిలబడడం నేర్చిన పిల్లల్ని అందులో నిలబెట్టారు. కాళ్ళ కింద నేల కదల్లేదు, ఎవరూ తోయలేదు, గోడ జరిగిందంతే, పిల్లలు తూలారు, కొన్నిసార్లు పడిపోయారు కూడా. పెద్దవాళ్ళమైతే కాళ్ళు చెప్పేది నమ్మి నిలబడిపోతాం.

దానికి తోడు ఒంటి తీరు. పుట్టినప్పుడు తల ఒక్కటే పొడవులో నాలుగో వంతు, పెద్దయ్యాక ఏడెనిమిదో వంతే. పైన అంత బరువు, కింద బొటనవేలంత పాదం. ఏడాది పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు భుజాల దాకా పైకెత్తి నిలబడేది అందుకే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ అది దానికి తెలిసిన అసలైన ఉపాయం, "చేతులు దించు" అని సరిచెయ్యకండి. నిలకడ కుదిరినకొద్దీ కొన్ని నెలల్లో చేతులు వాటంతటవే దిగుతాయి, కాళ్ళు దగ్గరవుతాయి.

ఏడాది లోపు: నేల మీద వదలండి

మొదటి మెట్టు నిలబెట్టడం కాదు, నేల. బోర్లా పడుకుని మెడ ఎత్తిన పిల్లకే వీపు గట్టిపడుతుంది, వీపు గట్టిపడితేనే కూర్చుంటుంది, కూర్చుని ఒరిగి సర్దుకున్న పిల్లకే నిలబడ్డప్పుడు సర్దుకోవడం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం, ఏడాది లోపు పిల్లలు, ఇంకా పాకడం రాకపోతే, మెలకువగా ఉన్నప్పుడు రోజంతా కలిపి కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలి, ఒకేసారి గంటకి మించి ఉయ్యాల్లోనో బండిలోనో కట్టిపడేసి ఉంచకూడదు. మన ఇళ్ళల్లో పిల్లల్ని చంకన వేసుకోని నిమిషం ఉండదు, అమ్మ తర్వాత మామ్మ, మామ్మ తర్వాత మేనత్త. అది ప్రేమే, కాదనను. కానీ చంక దిగని పిల్లకి నేల తెలిసేదెప్పుడు? పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట వంతులేసుకుని దించండి.

పరుపు మీద కాదు, చాప మీద. మెత్తని పరుపు మీద అరచేయి, మోకాలు దిగబడిపోయి పట్టు దొరకదు.

ఎనిమిది తొమ్మిది నెలలకి పట్టుకుని లేవడం మొదలుపెడతారు. అప్పుడు ఇల్లు ఇలా సర్దండి. నవారు మంచమో, దివాన్ లాంటి బల్లో, పిల్ల రొమ్ము ఎత్తుకి వచ్చేది ఒకటి గోడవారగా పెట్టండి. కదిలిపోయే ప్లాస్టిక్ కుర్చీలు అక్కడ్నుంచి తీసెయ్యండి, పిల్ల పట్టుకోగానే అవి మీద పడతాయి. మంచం మీద ఏదో ఒకటి, గిలకో గిన్నో, పిల్ల నిలబడ్డ చోటికి జానెడు పక్కగా పెట్టండి. ఎదురుగా వద్దు, పక్కగా. పిల్ల దాని కోసం ఒక కాలి మీద బరువు వేసి ఇంకో కాలు పక్కకి జరుపుతుంది. ఆ ఒక్క కదలికలోనే, బరువుని ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడంలోనే, నడకంతా ఉంది. అందుతుంటే ఇంకో జానెడు జరపండి. మంచం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళొచ్చేదాకా ఆడించండి, విసుక్కుంటే ఆపెయ్యండి.

ఇప్పుడు పట్టుకునే తీరు. చాలామంది పొరపడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. చేతులు పైకెత్తి పట్టుకుంటే పిల్ల మన చేతులకి వేలాడుతుంది, బరువు మునివేళ్ళ మీదకి వెళ్ళిపోతుంది, తూలితే సర్దేది మన భుజాలు, దాని కాళ్ళు కాదు. అందుకని మీరు వెనకాల కూర్చుని, తుంటి దగ్గర రెండు పక్కలా అరచేతులు ఆనించండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాయా లేదా చూడండి, మడమలతో సహా. తర్వాత అరచేతులు తీసి రెండేసి వేళ్ళు ఉంచండి. పిల్ల కొంచెం ముందుకి ఒరుగుతుంది, బొటనవేళ్ళు నేలని గట్టిగా పట్టుకుంటాయి, పిక్కలు బిగుసుకుంటాయి, మళ్ళీ నిటారుగా వస్తుంది. ఆ బొటనవేళ్ళు ముడుచుకోవడం మీరు కంటితో చూడొచ్చు. అప్పుడు వేళ్ళు కూడా తీసి చేతులు అర అడుగు దూరంలో ఉంచండి. ఒక్క క్షణం నిలబడి కూలబడినా చాలు, ఆ రోజుకి అది పెద్ద పనే.

ఇంకో పద్ధతి గోడ. పిల్ల వీపు గోడకి ఆనించి, మడమలు గోడకి బెత్తెడు దూరంలో ఉండేలా నిలబెట్టి, ఎదురుగా కూర్చుని చేతికి ఏదైనా అందించండి. తీసుకోవడానికి వీపు గోడని వదలాలి, తూలితే మళ్ళీ గోడ ఉంది. భయపడే పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది.

వాకర్ మాట. కూర్చోబెట్టి కాళ్ళు కిందకి వేలాడదీసే చక్రాల వాకర్ దయచేసి కొనకండి, ఎవరైనా కానుకగా ఇస్తే వాడకండి. అందులో పిల్ల మునివేళ్ళతో నేలని తోస్తుంది, బరువు కూర్చునే గుడ్డ మీద ఉంటుంది, తూలే పనే లేదు. నడక త్వరగా రాదు సరికదా, మన ఇళ్ళల్లో అరుగులు, మెట్లు, వంటింటి పొయ్యి అన్నీ దానికి అందుబాటులోకి వచ్చేస్తాయి. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. మన పాత మూడు చక్రాల చెక్క నడకబండి అలా కాదు, పిల్ల సొంత కాళ్ళ మీద నిలబడి తోసుకుంటూ వెళ్తుంది. పిల్ల మంచం పట్టుకుని అటూ ఇటూ నడవడం వచ్చాకే అది ఇవ్వండి, ముందుకి జారిపోకుండా దాని మీద ఒక ఇటుక కట్టండి.

పడిపోతే ఏం చెయ్యాలి

పడనివ్వండి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే లెక్కపెట్టి 2012లో ప్రచురించారు: గంటకి సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడడం. గంటకి పదిహేడు! కాబట్టి మీ పిల్ల పొద్దున్నుంచి పది సార్లు పడిందంటే ఎక్కువేం కాదు. ఆ ఎత్తు నుంచి పిరుదుల మీద పడితే పెద్దగా దెబ్బ తగలదు. మనం "అయ్యో!" అని కేక పెట్టినప్పుడే చాలామంది ఏడుస్తారు, మీరే ఒకసారి నోరు మూసుకుని చూడండి.

మీరు చూసుకోవాల్సింది పడే చోటు. గచ్చు మీద నీళ్ళు, నూనె తుడవండి. నాపరాయి మెట్ల అంచులు, మంచం కోళ్ళు, రోలు ఉన్న మూల, బావి గట్టు, ఇవి చూసుకోండి. వానాకాలంలో వీధరుగు మీద పాకుడు పడుతుంది, అది బ్రష్షుతో రుద్ది తియ్యండి. ఇంట్లో సాక్సులు, మెత్తని బూట్లు వద్దు, వట్టి కాళ్ళే మంచివి, ఎందుకంటే అరికాలు పంపే కబురుకి అడ్డు ఉండదు. అయితే పెరట్లోకి, పొలం గట్టు మీదకి, బయట మట్టిలోకి వెళ్తే చెప్పులు వెయ్యండి, మన ప్రాంతంలో కొంకిపురుగులు కాళ్ళలోంచి ఎక్కుతాయి. అవి రక్తం తాగితే పిల్ల నీరసపడి ఆటే మానేస్తుంది, ఆట మానేస్తే నిలకడెక్కడ. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే పురుగుల మాత్ర మానకండి, ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి సగం, రెండేళ్ళు దాటితే పూర్తి మాత్ర. దిదీ ఇచ్చే ఐరన్ సిరప్ కూడా వారానికి రెండుసార్లు వెయ్యండి, గూట్లో పెట్టి మర్చిపోకండి. మన రాగి జావ, ఇక్కడి మండియా జావు, పిల్లల ఎముకలకి చాలా మంచిది, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, దాన్ని వదిలేసి డబ్బా పొడుల వెంట పడాల్సిన పని లేదు.

ఏడాది నుంచి మూడేళ్ళు: గడప, మెట్టు, బుట్ట

అడుగులకి అరిసెలు పంచేశాక చాలామంది ఇక పని అయిపోయిందనుకుంటారు. నడక రావడంతో నిలకడ సగం కూడా పూర్తవదు, అసలు ముచ్చటంతా ఇప్పుడే మొదలు.

మన పాత ఇళ్ళ గడప ఉంది చూశారా, అంతకన్నా మంచి పాఠం లేదు. పద్నాలుగు పదిహేను నెలల పిల్ల గడప దగ్గరకి వచ్చి ఆగుతుంది. ముందు కూర్చుని చేతుల మీద దాటుతుంది. కొన్నాళ్ళకి ద్వారబంధం పట్టుకుని ఒక కాలు ఎత్తుతుంది, ఎత్తిన కాలు గాల్లో ఉండగా కింది కాలు వణుకుతుంది, కాలు మళ్ళీ దించేస్తుంది, గడపని చూస్తుంది, మళ్ళీ ఎత్తుతుంది. ఆ వణికే కాలే నేర్చుకుంటున్న కాలు. అక్కడికి పరుగెత్తి ఎత్తుకుని అవతల దించకండి, పక్కన కూర్చోండి, అంతే.

కూరగాయలు తెచ్చిన రోజు ఉల్లిపాయలో బంగాళాదుంపలో నేల మీద పోసి, ఒక్కొక్కటి బుట్టలో వెయ్యమనండి. గొంతుకూర్చుని లేవడం, చేతిలో బరువుతో నడవడం, వంగి వెయ్యడం, తొడలకీ తుంటికీ ఇంతకన్నా మంచి వ్యాయామం నేనైనా చెప్పలేను. చిన్న పీట మీద కూర్చుని లేవడం కూడా ఇలాంటిదే, చేతులు ఆన్చకుండా లేస్తే మరీ మంచిది.

కాళ్ళు దొడ్డిగా ఉన్నాయని, మోకాళ్ళు రాసుకుంటున్నాయని, పాదం చదునుగా ఉందని చాలామంది తీసుకొస్తారు. రెండేళ్ళ లోపు కాళ్ళు కొంచెం బయటికి వంగి ఉండడం, మూడు నాలుగేళ్ళకి మోకాళ్ళు లోపలికి రావడం, ఏడేళ్ళకల్లా సరైపోవడం మామూలు వరస. అరికాలి వంపు కూడా చాలామందికి ఐదారేళ్ళ దాకా సరిగ్గా కనపడదు. రెండు కాళ్ళూ ఒకేలా ఉండి, నొప్పి లేకుండా పరుగెడుతుంటే ప్రత్యేకమైన బూట్లు కొనక్కర్లేదు. ఒక కాలే వంగినా, వంపు రోజురోజుకీ పెరిగినా, మణికట్లు లావెక్కినా డాక్టరుకి చూపించండి, విటమిన్ డి లోపం అయ్యుండొచ్చు.

మూడు నుంచి ఏడేళ్ళు: ఆటలన్నీ ఇక్కడే

ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతారో చూడడం ఈ వయసులో సులువైన కొలత. సుమారుగా చెప్పాలంటే మూడేళ్ళకి ఒకటి రెండు సెకన్లు, నాలుగేళ్ళకి మూడు నుంచి ఐదు, ఐదేళ్ళకి ఐదు నుంచి పది, ఆరేళ్ళు దాటాక పది సెకన్ల దాకా. ఆడపిల్లలు మగపిల్లల కన్నా కాస్త ముందుంటారు. గడియారం పట్టుకుని పరీక్ష పెట్టకండి, "కొంగలా నిలబడు చూద్దాం" అంటే చాలు, మీరు మనసులో లెక్కపెట్టుకోండి.

ఇక ఆటలు. ముగ్గుపిండితో వాకిట్లో ఒక గీత గీయండి, ఆరేడు అడుగులు. మార్గశిర గురువారాలకి ఒడియా ఇళ్ళ ముందు ఝోటి (బియ్యప్పిండి ముగ్గు) వేస్తారు కదా, వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ కలిసే ఆడతారు, పిండి మిగిలితే అదే రోజు గీయొచ్చు. ముందు గీత మీద మామూలుగా నడవమనండి, తర్వాత మడమ ముందు వేలికి తగిలేలా అడుగు వెనక అడుగు, ఆ తర్వాత చేతిలో గ్లాసుడు నీళ్ళతో. నీళ్ళు ఎందుకంటే, చూపు గ్లాసు మీదకి వెళ్ళగానే కాళ్ళు తమ పని తామే చూసుకోవాలి. గీత తేలికైపోతే పడుకోబెట్టిన దుంగ మీదకి, పొలం గట్టు మీదకి మార్చండి.

తొక్కుడు బిళ్ళ, కుంటాట రెండూ ఒంటికాలి బలానికి. ఐదేళ్ళకి కుంటడం వస్తుంది, ముందే రాలేదని తొందరపెట్టకండి. ఒప్పులకుప్ప లోచెవికి, గిరగిర తిరిగి ఆగాక ఒళ్ళు తూలుతుంటే సర్దుకోవడం నేర్చుకుంటారు, నిమిషం తిరిగి నిమిషం ఆగాలి, అన్నం తిన్న వెంటనే వద్దు. ఉయ్యాల కూడా అలాగే. ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే ఇవేవీ జరగవు, ఇది నేను గట్టిగానే చెప్తాను. ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల్లోదే.

నాలుగేళ్ళు దాటిన పిల్లలతో ఇంట్లో ఒక పరీక్ష చెయ్యొచ్చు. మొదట గట్టి నేల మీద పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు తెరిచి నిలబడమనండి. రెండోసారి అదే చోట కళ్ళు మూసుకుని. మూడోసారి నాలుగు మడతలు వేసిన బొంత మీద కళ్ళు తెరిచి. నాలుగోసారి బొంత మీద కళ్ళు మూసుకుని. ఒక్కోటి పది సెకన్లు, మీ చేతులు పిల్లకి దగ్గరగా ఉండాలి. కళ్ళు మూస్తే చూపు పోయింది, బొంత వేస్తే అరికాలి కబురు మసకబారింది, రెండూ కలిపితే మిగిలింది లోచెవి ఒక్కటే. అందుకే నాలుగోదానిలో ఐదేళ్ళ పిల్లలు చాలామంది అడుగు కదిలిస్తారు, అది మామూలే. కళ్ళు తెరిచి గట్టి నేల మీదే నిలబడలేకపోతే మాత్రం ఆలోచించాలి.

తల్లిదండ్రులకి అస్సలు తెలియని సంగతి ఇంకోటుంది, ఇది చదివి నలుగురికి చెప్పండి. నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కొందరు పిల్లల నిలకడ వెనక్కి తగ్గినట్టు కనిపిస్తుంది. మూడేళ్ళప్పుడు బాగా నిలబడ్డ పిల్ల ఐదేళ్ళకి ఎక్కువ ఊగుతుంది, గ్లాసు ఒలకబోస్తుంది, గడపకి తన్నుకుంటుంది. షమ్‌వే-కుక్, వూలకాట్ అనే పరిశోధకులు 1985లో దీన్ని చూపించారు. అప్పటిదాకా కంటి మీదే ఆధారపడ్డ మెదడు కళ్ళు, చెవి, కాళ్ళ కబుర్లని కలిపి తూచడం మొదలుపెడుతుంది, కొత్త పద్ధతి కుదురుకునేదాకా తడబాటు ఉంటుంది, ఏడు దాటాక పెద్దవాళ్ళ తీరుకి దగ్గరపడుతుంది. సరిగ్గా ఈ వయసులోనే మనం బడిలో వేస్తాం, తెలుగు పిల్లని ఒడియా మీడియంలో కూర్చోబెడతాం, "ఏంటే అస్తమానూ పడిపోతావు, కళ్ళు నెత్తికెక్కాయా" అని తిడతాం. తిట్టకండి. అది కావాలని చెయ్యడం లేదు.

బడి సంచీ తూచి చూడండి. 2020 నాటి కేంద్ర విధానం ప్రకారం సంచీ పిల్ల బరువులో పదో వంతుకి మించకూడదు, ఒకటి రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు, అంతకు ముందు తరగతులకి సంచీయే వద్దు. రెండు పట్టీలూ భుజాలకి వెయ్యమనండి.

ఏడు దాటాక

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, ఆడుకోనివ్వండి. సైకిలు, చెట్లెక్కడం, కబడ్డీ, ఏదైనా సరే. గుణుపురం పాసింజర్‌లో ఎనిమిదేళ్ళ పిల్లాడు కమ్మీ పట్టుకుని నిలబడతానంటే తలుపుకి దూరంగా నిలబడనివ్వండి, బండి కుదుపుకి మోకాళ్ళు ఎలా వంచాలో వాడే కనుక్కుంటాడు. చూపు, లోచెవి ఇచ్చే కబుర్లని పూర్తిగా వాడుకోవడం పదిహేనేళ్ళ దాకా మెరుగుపడుతూనే ఉంటుంది. మధ్యలో ఒక్కసారిగా పొడుగు సాగే వయసు వస్తుంది, అప్పుడు కొన్ని నెలలు ఒళ్ళు స్వాధీనంలో లేనట్టు తన్నుకుంటూ తిరుగుతారు, అది కూడా సర్దుకుంటుంది.

ఎప్పుడు ఆగకుండా వెళ్ళాలి

ఇంటి ఆటలతో సరిపోని సంగతులు కొన్ని ఉన్నాయి. ఏడాది నిండినా పట్టుకుని కూడా నిలబడకపోతే, 18 నెలలు నిండినా నడవకపోతే చూపించండి. ఏడాది లోపే ఒక చేయి, ఒక కాలు మాత్రమే వాడుతుంటే, రెండేళ్ళు దాటినా ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తుంటే చూపించండి. వచ్చిన విద్య పోతే, అంటే నిన్నటిదాకా నిలబడ్డ పిల్ల ఇప్పుడు నిలబడలేకపోతే, వారం చూద్దాం అనుకోవద్దు. మూడు నాలుగేళ్ళ మగపిల్లాడు నేల మీంచి లేచేటప్పుడు చేతులతో మోకాళ్ళు, తొడలు పట్టుకుని తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేస్తుంటే, పిక్కలు లావుగా ఉంటే, అది కండరాల జబ్బు అయ్యుండొచ్చు, తప్పకుండా డాక్టరు చూడాలి.

జ్వరం తర్వాతో, ఆటలమ్మ తగ్గిన వారం రెండు వారాలకో పిల్ల తాగినవాడిలా తూలుతుంటే అదే రోజు ఆసుపత్రికి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఒక్కసారిగా కాలు గానీ చేయి గానీ చచ్చుబడితే కూడా అదే రోజు. తలనొప్పి, పొద్దున్నే వాంతులు, తూలడం మూడూ కలిసొచ్చినా అంతే. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం మీ ఇష్టం, ఆసుపత్రి నుంచి వచ్చాక చేసుకోండి.

చెవి సంగతి మర్చిపోతారు. పదేపదే జలుబు చేసి చెవిలో నీరు చేరిన పిల్లలు తూలుతారు, పిలిస్తే పలకరు కూడా. చెవిలో నూనె పొయ్యకుండా చెవి డాక్టరుకి చూపించండి. మెల్లకన్ను, చూపు తక్కువ ఉన్నా ఇలాగే ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలంటే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా చూస్తారు, ఖర్చు లేదు. వాళ్ళు వచ్చే రోజు దిదీని అడిగి పెట్టుకోండి. అవసరమైతే జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల చూసే ప్రత్యేక కేంద్రానికి రాసిస్తారు, ఇంకా పెద్ద పరీక్షలకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. భాష దగ్గర సౌకర్యంగా ఉంటుందని శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్ళేవాళ్ళు ఒడిశాలో చూపించిన కాగితాలన్నీ వెంట తీసుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ మొదటి నుంచి చేయిస్తారు.

వెళ్ళేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళండి, ఎందుకంటే ఆసుపత్రిలో పిల్ల ఏడుస్తుంది, నడవదు. ఇంట్లో వట్టి కాళ్ళతో, నిక్కరు మోకాళ్ళ పైకి ఉండేలా వేసి, నిలబడ్డప్పుడు ఒకటి, నడుస్తున్నప్పుడు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నేల మీంచి లేస్తున్నప్పుడు ఒకటి తియ్యండి. పాదాలు కనపడాలి, చాలామంది మొహం మీదే ఫోన్ పెట్టి తీస్తారు. ఎప్పటినుంచి ఇలా ఉంది, అంతకు ముందు జ్వరం గానీ దెబ్బ గానీ ఉందా, ఎన్ని నెలలకి కూర్చుంది, ఎన్ని నెలలకి నిలబడింది అన్నవి కార్డు వెనకాల రాసుకోండి, ఒడియాలో చెప్పడం రాకపోతే ఆ కాగితం, ఆ వీడియో చేతికిస్తే సరిపోతుంది.